ఏసీ నీళ్లతో తేరుకున్న గంధరాజం

గంధరాజం తెచ్చుకోవచ్చా అని విశాఖలో ఎవరు అడిగినా నేను ఎదురు అడిగేది ఒక్కటే: మీ ఇంటికి వచ్చేవి ఏ నీళ్లు? ఎండ, కుండీ, ఎరువు అన్నీ ఆ తర్వాతే. సీతమ్మధారలో మాది రెండో అంతస్తు. తూర్పు వైపు బాల్కనీలో కొన్నేళ్లుగా ఈ మొక్కతో వేగుతున్నాను. పువ్వును పొగడమంటే పొద్దుపోయేదాకా పొగుడుతాను. నన్ను ఏడిపించింది దాని ఆకు.

పొగడ్త ముందే కానిచ్చేస్తాను. మొగ్గ పచ్చగా, మెలితిరిగి, కొస సూదిగా ఉంటుంది. ఆ మెలి వదులై అంచుల్లో తెలుపు తొంగిచూసిందంటే మర్నాడో ఆ మర్నాడో పువ్వు విచ్చుకుంటుంది. మొదటి రోజు రేకులు తెల్లగా, మందంగా, నున్నగా ఉంటాయి. రెండో రోజుకు మీగడ రంగు, ఆపైన పసుపు. చీకటి పడే వేళకు వాసన చిక్కబడుతుంది. మల్లెలోని తేలికదనం ఇందులో ఉండదు, సంపెంగ ఘాటూ ఉండదు. సింహాచలం సంపెంగల మధ్య పెరిగినదాన్ని కాబట్టి ఆ తేడా నాకు బాగా తెలుసు. మూడో అంతస్తువాళ్లు బాల్కనీలోంచి తొంగిచూసి, "ఈ రోజు పూసినట్టుంది కదండీ" అని పలకరిస్తారు.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. ముద్ద నందివర్ధనాన్ని గంధరాజమని అంటగట్టే నర్సరీలు ఉన్నాయి. మొదటిసారి నాకు వచ్చింది అదే. ఆకు తుంచితే పాలు కారాయా, అది నందివర్ధనం. గంధరాజం కాఫీ కుటుంబానికి చెందిన మొక్క, దానికి పాలు రావు. అరకు కాఫీ తోటలకూ మన వాకిళ్లలోని నూరు వరహాలకూ ఇది దగ్గరి చుట్టం. ఈ చుట్టరికాన్ని ఊరికే తవ్వలేదు. ఈ కుటుంబంలో ఇలాంటివాటికి నేల కాస్త పుల్లగా ఉండాలి. గంధరాజానికైతే ఉదజని సూచిక (పీహెచ్) 5 నుంచి 6.5 మధ్య ఉంటే సుఖం. మా బోరు నీళ్లది సరిగ్గా దానికి ఎదురు స్వభావం.

తెచ్చిన ఏడాది బాగానే ఉంది. తర్వాతి వేసవికి చిగుళ్లు పాలిపోయి రావడం మొదలైంది. ఈనెలు పచ్చగానే ఉన్నాయి, వాటి మధ్య జాగా అంతా నిమ్మపండు రంగుకు తిరిగింది. ఆకును వెలుతురుకు పట్టి చూస్తే పచ్చదారంతో అల్లిన వలలా కనిపించేది. కింది ముదురాకులు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. కొత్తగా పెంచేవాళ్లు తికమకపడేది ఇక్కడే. చలికాలం చివర కింది ఆకులు కొన్ని పండి రాలడం దీనికి మామూలే, అందుకు కంగారు అక్కర్లేదు. చిగురు ఇలా పాలిపోయిందంటే మాత్రం మొక్కకు ఇనుము అందడం లేదని అర్థం.

ఇనుము లేకపోవడమా! కుండీలో ఉన్నది మన ఎర్రమట్టి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు ఆ రంగు వచ్చిందే ఇనుము తుప్పు వల్ల. ఉక్కు కర్మాగారం ఉన్న ఊళ్లో, ఎర్రమట్టిలో నిలబడి, ఇనుము దొరకడం లేదని ఏడ్చే మొక్కను ఏమనాలి? కానీ మట్టిలో ఇనుము ఉండటం వేరు, వేరుకు అందడం వేరు. మట్టిలో క్షారగుణం పెరిగేకొద్దీ ఇనుము నీటిలో కరగని రూపంలోకి పోతుంది. ఎదురుగా వడ్డించిన విస్తరి ఉన్నా చెయ్యి అందదు.

సలహాలకైతే కొదవ లేదు. పక్కింటి పిన్నిగారు పుల్లమజ్జిగ పోయమన్నారు. పోస్తే చీమలు బారులు తీరాయి. తుప్పు మేకులు పాతమని ఇంకొకరు. మట్టినిండా ఉన్న తుప్పే అరగని మొక్కకు మేకుల తుప్పు ఏం ఒంటబడుతుంది? కాఫీ పిప్పి వేయమని చాలామంది చెబుతారు. పులుపు చాలావరకు డికాషన్‌లోకి దిగిపోయాక మిగిలేది దాదాపు చప్పిడి పిప్పి. ఎరువుగా వేసుకోవచ్చు, మట్టిని పుల్లబరుస్తుందని మాత్రం ఆశపడకండి.

అనకాపల్లి దగ్గర చెరకు వేసే మా బావగారి మాట కొంత పనిచేసింది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుప సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, ఎండ చల్లబడ్డాక ఆకుల మీద పిచికారీ చేయమన్నారు. చుక్క పడిన చోటల్లా ఆకు పచ్చబడింది, పడని చోట పసుపు అలాగే ఉండిపోయింది. మొక్కంతా మచ్చలమయం. ఆ తర్వాత వచ్చిన చిగురు మళ్లీ వెలవెలబోతూనే వచ్చింది. గచ్చు మీద పడిన చుక్కలు తుప్పు మరకలై ఇప్పటికీ పోలేదు. ఇంటికి ఎవరొచ్చినా మావారు వాటిని చూపించి మరీ నా తోటపని గురించి చెబుతారు. ఇనుప చిలేట్ కూడా వాడి చూశాను, అంటే ఇనుము కరిగే రూపంలోనే ఉండేలా పట్టి ఉంచే మందు. మామూలుగా దొరికే ఈడీటీఏ రకం క్షారపు మట్టిలో ఎక్కువ రోజులు నిలవదు. ఈడీడీహెచ్ఏ అనే రకం నిలుస్తుంది కానీ ఒక్క కుండీ కోసం అంత పెట్టాలనిపించలేదు.

మొక్క తేరుకున్నది వేరే దారిలో, మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడ చలవతో. ఒక వానాకాలం పెద్ద మొక్క నుంచి కొన్ని కొమ్మలు కత్తిరించి చిన్న కుండీల్లో గుచ్చాను. ఒకటే నాటుకుంది. బాల్కనీలో దాన్ని పెట్టడానికి చోటు లేదు. అప్పటికే ఏసీ పైపులోంచి కారే నీళ్లు గచ్చంతా పాకి ఆవిడను విసిగిస్తున్నాయి. ఆ చిన్న కుండీని ఎత్తుకెళ్లి సరిగ్గా పైపు కింద పెట్టింది. "నీళ్లు మొక్క తాగుతుంది, నాకు తుడిచే బాధ తప్పుతుంది అమ్మా" అంది. మొక్క మీద ప్రేమ ఏమీ లేదు, అంతా తడిగుడ్డ మీది విసుగే. ఎర్రమట్టిలోనే ఇసుక ఎక్కువ కలిపాను కాబట్టి నీళ్లు నిలవక, వేరు కుళ్లకుండా ఉంది. దాన్ని అక్కడ పెట్టిన సంగతి ఇంట్లో అందరం మరిచిపోయాం.

తర్వాతి మే నెలలో పెద్ద మొక్క ఎప్పటిలాగే వెలిసిపోయి నిలబడింది. ఎండుటాకులు ఊడ్వడానికి ఆ చిన్న కుండీని జరిపినప్పుడు చూశాను: చిగురు నుంచి అడుగు దాకా ముదురు పచ్చ, ప్రతి ఆకూ నూనె రాసినంత నిగనిగ. అదే తల్లి కొమ్మ, అదే ఎర్రమట్టి, అదే తూర్పు ఎండ. మందు చుక్క పడి ఎరగదు. రెండు కుండీలనూ పక్కపక్కన పెడితే వేర్వేరు జాతులేమో అనుకునేంత తేడా. ఆ రోజే పెద్ద కుండీ అంచున పేరుకున్న తెల్లటి పెచ్చును గోటితో గీకి, దాని మీద నిమ్మచెక్క పిండాను. సన్నటి నురగ కట్టింది. అంటే సున్నమే. గీజరు రాడ్డుకు పట్టేది, బకెట్ల అంచున చార కట్టేది కూడా ఇదే కదా. మా అపార్ట్‌మెంట్‌లో కార్పొరేషన్ నీళ్లూ బోరు నీళ్లూ ఒకే సంపులో కలుస్తాయి. ఎండలు ముదిరేకొద్దీ బోరు వాటా పెరుగుతుంది, మొక్క రంగు తగ్గుతుంది. ఏటా వానలు పడగానే ఎవరూ ఏమీ చేయకుండా అది కాస్త కోలుకోవడానికి కారణమూ తెలిసింది.

ఏసీ పైపులోంచి వచ్చేది గాలిలోని తేమే. చల్లటి గొట్టాలకు తగిలి నీరై కారుతుంది కాబట్టి వాన నీటిలాగే అందులో సున్నం ఉండదు. మన ఊరి ఉక్కపోతకు రాత్రంతా ఏసీ నడిస్తే తెల్లారేసరికి బకెట్ నిండుతుంది. విశాఖలో ఉక్కపోత వల్ల ఎవరికైనా మేలు జరిగిందంటే అది మా గంధరాజానికే. పెద్ద కుండీలో పైమట్టి తీసేసి ఆకుల ఎరువు, కడిగిన కొబ్బరి పొట్టు నింపి, అప్పటి నుంచి ఆ నీళ్లే పోస్తున్నాను. పాడైన ఆకులు కొన్ని రాలిపోయాయి. వాటి తర్వాత వచ్చిన చిగుళ్లు మాత్రం పచ్చగా వచ్చాయి. అయితే ఆ నీళ్లలో పోషకాలేవీ ఉండవు. వర్మీకంపోస్టు, అప్పుడప్పుడు చిటికెడు అమ్మోనియం సల్ఫేట్ వేయవలసిందే. ఏసీ సర్వీసింగ్ అయిన రోజు కారే నీళ్లలో కడిగిన మందు ఉంటుంది, వాటిని పారబోస్తాను.

ఇంతా చెప్పాక దీని చిక్కులూ చెప్పాలి. డిసెంబరు, జనవరిలో మేం ఏసీ వేయం. మొగ్గ కట్టే కాలం సరిగ్గా అదే. రాత్రి వేడి 15–18 డిగ్రీల దగ్గర ఉంటే దీనికి మొగ్గ బాగా పడుతుంది. సముద్రం ఒడ్డున ఉన్న మనకు ఆ చలి అలా వచ్చి ఇలా పోతుంది. ఆ కాలానికని వాననీళ్లు డ్రమ్ములో పట్టి దాస్తున్నాను. దానికి దోమల భయం, గట్టి మూత, రోజూ చూసుకోవడం. పడిన మొగ్గలైనా అన్నీ నిలుస్తాయా అంటే అదీ లేదు. ఫిబ్రవరి చివరికి కొమ్మ కొమ్మకూ మొగ్గ కనిపిస్తే మనం మురిసిపోతాం. ఒక్క రోజు వడగాలి వీచినా, ఒక పూట కుండీ ఎండిపోయినా, ఎండ కోసమని చోటు మార్చినా మొగ్గలు పచ్చిగానే రాలిపోతాయి. ఏసీ నీళ్లు ఆకును బాగుచేశాయి గానీ ఈ రాలుడును ఆపలేకపోయాయి. పిండినల్లి సరేసరి, వేపనూనెకు లొంగుతుంది.

వాసన గురించి పైన అంత చెప్పాను. మూసిన గదిలో రెండు పువ్వులు ఉంటే చాలు, మా అత్తగారికి తలనొప్పి వస్తుంది. అందుకే పువ్వులన్నీ బాల్కనీలోనే. జడలో పెట్టుకుంటే వేలు తగిలిన చోటల్లా రేకు గోధుమ రంగుకు తిరుగుతుంది. దేవుడి దగ్గర నీళ్ల గిన్నెలో తేలవేస్తే ఒక పూట కళకళలాడుతుంది. మరో విడ్డూరం: ఏసీ వేస్తేనే మొక్కకు నీళ్లు, ఏసీ వేస్తే తలుపులు మూయాలి. పువ్వు ఘుమఘుమలాడే రాత్రి మేం లోపల ఉంటాం, ఆ వాసన పైవాళ్లు పీలుస్తారు.

లాసన్స్ బే కాలనీలో మా వదిన కూడా ముచ్చటపడి ఒకటి పెట్టుకుంది. వాళ్లది సముద్రానికి ఎదురిల్లు. ఏ నీళ్లు పోసినా ఆకుల అంచులు మాడిపోయేవి. ఉప్పుగాలి దీనికి పడదు. ఇప్పుడు ఆ కుండీలో బిళ్లగన్నేరు ఏడాది పొడవునా పూస్తోంది. సముద్రానికి కాస్త ఎడంగా ఉండి, పొద్దుటి ఎండ తగిలి, వాననీళ్లో ఏసీ నీళ్లో పట్టుకునే ఓపిక ఉన్నవాళ్లు గంధరాజం తెచ్చుకోవచ్చు. అది కూడా రోజూ ఇంట్లో ఒకరు ఉండేవాళ్లయితేనే. వేసవి సెలవుల్లో ఊరెళ్లేవాళ్లు బొండుమల్లె పెట్టుకోవడం మేలు. మా సంగతికొస్తే, మా అబ్బాయి చదువు కోసం గాజువాక వైపు ఇల్లు మారాలేమో అనుకుంటున్నాం. అక్కడి నీళ్లు ఎలా ఉంటాయో చూశాకే పెద్ద కుండీని వెంట తీసుకెళ్లాలో, మూడో అంతస్తువాళ్లకు ఇచ్చేయాలో తేల్చుకుంటాను. వాసనలో సగం ఎలాగూ వాళ్లకే వెళ్తోంది.