మిరపకు మల్చింగ్ షీటు: 25 మైక్రాన్లా, 30 మైక్రాన్లా?

మొక్కల చుట్టూ నేల మీద పరిచే సిల్వర్-బ్లాక్ మల్చింగ్ షీటు (ప్లాస్టిక్ పొర) కొనేటప్పుడు కలుపు ఆగుతుందా లేదా అనే చూస్తారు చాలామంది. కలుపును దాదాపు ఏ షీటైనా ఆపుతుంది. నాణ్యత బయటపడేది ఆఖరి కోత అయ్యాక, షీటును పొలంలోంచి తీసేటప్పుడు. బారుగా చేతికొస్తే మంచి సరుకు. అప్పడంలా విరిగిపోతే ఆ ముక్కలన్నీ దుక్కిలో కలిసి ఏళ్ల తరబడి నేలలోనే ఉంటాయి.

పంట ఎన్నాళ్లుంటే షీటు అంత మందం ఉండాలి. ఆ మందాన్ని మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కొలుస్తారు. ఆ లెక్కన మూడు నెలల్లో అయిపోయే పుచ్చకు 20 మైక్రాన్లు సరిపోతుంది, టమాటాకు 25 చాలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటి మార్చి దాకా కోసే మిరపకు మాత్రం 30కి తగ్గొద్దు.

రోల్ మీద ముద్రించిన మైక్రాన్లు నమ్మకుండా తూకం వేయించండి. 1.2 మీటర్ల వెడల్పు, 400 మీటర్ల పొడవున్న రోల్, మధ్య గొట్టం బరువు తీసేస్తే, 25 మైక్రాన్లకు సుమారు 11 కిలోలు, 30కి 13 కిలోలు తూగాలి. తొమ్మిది కిలోలే ఉంటే మందమో పొడవో తగ్గించారన్నమాట.

షీటు పెళుసెక్కడానికి ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలు మూలం. అవి, గాలిలోని ఆక్సిజన్ కలిసి పాలిథీన్ పొడవాటి అణువులను తెంచుతాయి, వేడి ఆ పనిని వేగం చేస్తుంది. మట్టిలో కప్పిన అంచులకు ఎండ తగలదు కాబట్టి అవి గట్టిగానే ఉంటాయి. అందుకే లాగినప్పుడు సరిగ్గా మట్టి గీత దగ్గరే చిరుగుతుంది, అంచులు లోపలే మిగిలిపోతాయి.

దీన్ని ఆపడానికే తయారీలో యూవీ దెబ్బను తట్టుకునే మందు, యూవీ స్టెబిలైజర్, కలుపుతారు. మిరపలో చిక్కు ఇక్కడే ఉంది: బూడిద తెగులుకు కొట్టే గంధకం, మామూలుగా వాడే అమైన్ రకం స్టెబిలైజర్‌ను పనిచేయకుండా చేస్తుంది. గంధకాన్ని తట్టుకునే రకం వేశారా అని డీలర్‌ని తప్పకుండా అడగండి. రంధ్రాలు కత్తితో అడ్డంగా, నిలువుగా కోయొద్దు, ఆ మూలల నుంచే చీలిక మొదలవుతుంది. కాల్చిన గొట్టంతో గుండ్రంగా పెడితే అంచు కరిగి గట్టిపడుతుంది.

'దానంతటదే కరిగిపోతుంది' అని అమ్మే ఆక్సో రకం అసలు కొనొద్దు. అందులోని లోహ లవణాలు షీటును త్వరగా ముక్కలు చేస్తాయంతే, ముక్కలు పాలిథీన్‌గానే ఉంటాయి. యూరోపియన్ యూనియన్ 2021 నుంచి ఆక్సో ప్లాస్టిక్ వస్తువుల అమ్మకాన్నే నిషేధించింది. నిజంగా నేలలో కలిసేవి పీబ్యాట్ (నేలలోని సూక్ష్మజీవులు తినేయగల ప్లాస్టిక్) లాంటి పదార్థాలతో చేసినవి. వాటికి నేలలో కలిసే మల్చింగ్ షీట్ల కోసం యూరప్ పెట్టిన ఈఎన్ 17033 ప్రమాణం అడగండి. ఐఎస్ఓ 17088 ఒక్కటే చూపిస్తే చాలదు, అది 58 డిగ్రీల దగ్గర వేడెక్కే కంపోస్టు కుప్పకు పెట్టిన పరీక్ష, పొలం మట్టికి కాదు.

తీసే ముందు మొక్కలు మొదలంటా కోసి, డ్రిప్ లేటరళ్లు (మొక్కలకు నీళ్లిచ్చే సన్న పైపులు) చుట్టేయండి. అంచుల మట్టి గట్టిపడి ఉంటే ముందురోజు కాస్త తడిపి, పొద్దున్నే పారతో వదులు చేసి, ఒక చివర నుంచి నెమ్మదిగా చుట్టుకుంటూ రండి. మట్టి ఆరాక దులిపేయండి, బురద పట్టిన షీటు రీసైక్లింగ్‌కు పనికిరాదని వెనక్కి పంపేస్తారు.