పండ్ల వోడ్కాకి ఏది మేలు: నానబెట్టడమా, డిస్టిల్ చేయడమా?

చిన్న డిస్టిలరీలో పండ్ల వోడ్కా చేసి అమ్మాలనుకునేవాళ్లు పరికరాల ధరలు చూసేముందు పండుని చూడాలి. పద్ధతిని తేల్చేది అదే. లేబుల్ మీద ఏం రాయవచ్చో కూడా చాలావరకు అదే తేలుస్తుంది.

రాస్ప్‌బెర్రీ, స్ట్రాబెర్రీ, చెర్రీలకు నా ఓటు స్పిరిట్‌లో నానబెట్టడానికే. డిస్టిల్ చేయడమంటే మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి పట్టడం. ఈ పండ్ల రంగు, పులుపు ఆవిరితో పాటు పైకి రావు. డిస్టిల్ చేస్తే చేతికొచ్చేది నీళ్లలా తేటగా ఉండే ద్రవం. రాస్ప్‌బెర్రీ వాసన మాత్రం డిస్టిల్ చేసినా నిలుస్తుంది. జర్మనీవాళ్ల హింబీర్‌గైస్ట్ అలా చేసేదే. స్ట్రాబెర్రీకి ఆ అదృష్టం లేదు, వేడి తగిలితే తాజాదనం పోయి జామ్ వాసన వస్తుంది.

నానబెట్టడంలో అసలు చిక్కు నీళ్ల దగ్గర ఉంది. స్ట్రాబెర్రీలో దాదాపు 90 శాతం నీరే. 40 శాతం వోడ్కా లీటరు తీసుకుని కిలో పండు వేశారనుకోండి, పండులోని నీరంతా కలిశాక మిగిలేది సుమారు 21 శాతం. అమెరికాలో ఫ్లేవర్డ్ వోడ్కా అనిపించుకోవాలంటే కనీసం 30 శాతం ఆల్కహాల్ ఉండాలి, యూరోపియన్ యూనియన్‌లో 37.5. రుచి ఎంత బాగున్నా ఆ సరుకుని ఆ పేరుతో అమ్మలేరు. అదే పండుని 96 శాతం న్యూట్రల్ స్పిరిట్‌లో (రుచీ వాసనా దాదాపు లేని గాఢమైన ఆల్కహాల్‌లో) వేస్తే 50 దగ్గర ఆగుతుంది, తర్వాత నీళ్లు కలిపి కావలసిన చోటికి దించుకోవచ్చు. లేదా పండు తగ్గించాలి. ఈ లెక్క కాగితం మీద వేసుకున్నాకే పండ్లు కొనండి.

పండులోని చక్కెర ఇంకో తంటా. అది కరిగాక, ద్రవం సాంద్రతని బట్టి ఆల్కహాల్ శాతం చెప్పే హైడ్రోమీటర్ ఆల్కహాల్‌ని ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. నమూనాని డిస్టిల్ చేసి కొలిస్తేనే నిజమైన అంకె తెలుస్తుంది. పన్ను కట్టేదీ, లేబుల్ మీద వేసేదీ ఆ అంకెనే కాబట్టి ఇక్కడ ఉజ్జాయింపు పనికిరాదు.

నిమ్మ, నారింజలకు వచ్చేసరికి డిస్టిల్ చేయడమే మేలంటాను. వాటి పరిమళం తొక్కలోని నూనెలో ఉంటుంది. కింద తెల్లటి పొర రాకుండా పలచగా చెక్కిన తొక్కని స్పిరిట్‌లో వేసి డిస్టిల్ చేస్తే చేదు వెనకే ఉండిపోతుంది. చక్కెర దిగదు, హైడ్రోమీటర్ మాట నమ్మవచ్చు, వెలుతురులో పెట్టినా వెలిసిపోయే రంగే ఉండదు. తొక్క మరీ ఎక్కువైతే మాత్రం నీళ్లు కలిపినప్పుడు నూనె విడివడి సీసా తెల్లగా మబ్బు పడుతుంది.

సహజ ఎసెన్సులని చిన్నచూపు చూడక్కర్లేదు. ప్రతి సీసా ఒకే రుచిలో ఉండాలని దుకాణాలు కోరితే వాటంత తేలికైనది లేదు. కానీ అదే ఎసెన్సు పెద్ద కంపెనీకీ దొరుకుతుంది. పండుని చేత్తో ఏరి, కోసి, రుచి చూసే వీలున్న చిన్న డిస్టిలరీ ఆ బలాన్ని వదులుకోవడం నాకు బాధగా ఉంటుంది.

చట్టం సంగతి. అమెరికాలో అనుమతి లేకుండా ఇంట్లో స్పిరిట్ డిస్టిల్ చేయడం సొంత వాడకానికైనా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. పర్మిట్ వచ్చాక కూడా ఫ్లేవర్డ్ వోడ్కా ఫార్ములాని టీటీబీ (మద్యం, పొగాకు పన్నులు చూసే అమెరికా ప్రభుత్వ విభాగం) ఆమోదించాలి, ఆ తర్వాతే లేబుల్. పదార్థాలో పద్ధతో మారిస్తే ఫార్ములా ఆమోదం మళ్లీ మొదటికొస్తుంది. అందుకే చిన్న పాత్రల్లో రుచి పూర్తిగా కుదిరాకే దరఖాస్తు పెట్టండి. యూరోపియన్ యూనియన్‌లో తీపి మీదా కన్నుండాలి: ఫ్లేవర్డ్ వోడ్కాలో చక్కెర లీటరుకి 100 గ్రాముల లోపే ఉండాలి.

ఒక్కదానితోనే మొదలుపెట్టాలంటే, దుకాణాలకు పంపే సరుకైతే నిమ్మతొక్క డిస్టిల్ చేసిందే ఎంచుకోండి. డిస్టిలరీ కౌంటర్లోనే అమ్మే అనుమతి ఉంటే రాస్ప్‌బెర్రీ నానబెట్టండి, ఎరుపు గోధుమరంగులోకి తిరగకముందే చెల్లిపోయేంత మాత్రమే సీసాల్లో నింపండి. చెర్రీ ఎంచుకుంటే గింజలు తీసేయండి. వాటి నుంచి సైనైడ్ వెలువడుతుంది.