కిచెన్ కబోర్డ్ బందులు మారుస్తున్నారా? పాత బందు ఒకటి చేత్తో పట్టుకెళ్లండి

శ్రీకాకుళంలో కబోర్డ్ తలుపుల బందులు మార్పిద్దామనుకుంటున్న వాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. మా ఇంట్లో జరిగింది ఇంకెవరింట్లోనూ జరగకూడదని రాస్తున్నాను.

మా కిచెన్‌కి ఆరేళ్లు. పొయ్యి పైన ఉన్న తలుపుల బందులు ఆవిరికీ, ఉప్పుగాలికీ తుప్పు పట్టి కిర్రుమంటున్నాయి. ఏడురోడ్ల కూడలికి వెళ్లినప్పుడు ఒక హార్డ్‌వేర్ షాపులో అడిగాను. "స్టీలువేనమ్మా, సాఫ్ట్ క్లోజ్ (చప్పుడు లేకుండా మెల్లగా మూసుకునేవి), అన్ని తలుపులకీ ఇవే పడతాయి" అన్నారు. తొమ్మిది తలుపులకి పద్దెనిమిది బందులు, ఒక్కోటి 110 రూపాయలు. బిగించే మనిషిని కూడా వాళ్లే పంపారు. బిల్లు అడిగితే తెల్ల చీటీ మీద లెక్క రాసిచ్చారు. తీసుకుని వచ్చేశాను, అదే నేను చేసిన పెద్ద తప్పు.

అన్ని తలుపులకీ ఒకటే బందు పడదు. బందు చేతికుండే వంపుని క్రాంక్ అంటారు. తలుపు పక్కచెక్కని పూర్తిగా కప్పితే చేయి నిటారుగా ఉండే 0 క్రాంక్ కావాలి. ఒకే మధ్య చెక్కని రెండు తలుపులు పంచుకుంటే కొంచెం వంపున్న 8 క్రాంక్ కావాలి. తలుపు చట్రం లోపలికి కూర్చుంటే ఇంకా ఎక్కువ వంపున్నది. అందుకే పాత బందు ఒకటి చేత్తో పట్టుకెళ్లి, అదే వంపున్నది అడగమంటున్నాను. మాకు ఇచ్చినవన్నీ 0 క్రాంకే. మధ్య తలుపులు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. ఆ మనిషి షాపుకెళ్లి మార్చుకురాకుండా, బందు ప్లేటు కింద ప్లైవుడ్ ముక్కలు పెట్టి ఎత్తు చేసి, ఆ పొట్టి స్క్రూలే బిగించేశాడు. మాది పార్టికల్ బోర్డు, అంటే చెక్కపొట్టు అదిమి చేసినది. స్క్రూ సగం ఆ ముక్కలోనే ఉండిపోయింది, బోర్డులో పట్టు ఏముంటుంది?

పదిహేనో రోజు పొద్దున్న అత్తయ్యగారు కాఫీపొడి కోసం తలుపు తీశారు. పై బందు బోర్డు పొట్టుతో సహా ఊడొచ్చి, తలుపు ఆవిడ భుజం మీద పడింది. వారం రోజులు చేయి పైకెత్తలేకపోయారు. అది తలమీద పడి ఉంటే అన్న ఆలోచనకి ఇప్పటికీ నాకు నిద్ర పట్టడం లేదు.

షాపుకెళ్తే "బిగించిన సామాను వాపసు తీసుకోమండి" అన్నారు. ఆ బందుకి అయస్కాంతం పెట్టి చూశాను, టక్కున అతుక్కుంది. మెరుపు పూత పూసిన ఇనుము. నెల తిరక్కుండానే బందుకి తలుపులో కూర్చునే గిన్నె అంచున ఎర్రమచ్చలు వచ్చాయి. అయస్కాంతం అతుక్కోకపోయినా నమ్మేయకండి, తక్కువ రకం 202 స్టీలు కూడా అతుక్కోదు. తుప్పుకి బాగా తట్టుకునే మేలు రకం స్టీలు 304, బందు మీద ఆ అంకె అచ్చు ఉందేమో చూసి, బిల్లులో కూడా 304 అని రాయించుకోండి. జీఎస్టీ బిల్లు ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా మన మాటకి బలం ఉంటుంది. నా దగ్గర ఉన్నది తెల్ల చీటీ, దాని మీద షాపు పేరు కూడా లేదు.

తర్వాత మాకు తెలిసిన పెద్దాయన, పాత వడ్రంగి, వచ్చి చూశారు. చిరిగిపోయిన కన్నాల్లో కర్రమేకులు ఫెవికాల్‌తో దిగ్గొట్టి, ఒక రోజంతా ఆరనిచ్చి, అప్పుడు కొత్త స్క్రూ వేశారు. బోర్డు బాగా పాడైన చోట వెనక స్టీలు రిపేర్ ప్లేటు వేసి దాని మీద బందు బిగించారు. గిన్నె కన్నం 35 మిల్లీమీటర్లే కాబట్టి పాత కన్నమే సరిపోయింది. ఎవరైనా పక్కన ఇంకో కన్నం తొలుస్తామంటే ఒప్పుకోకండి, పార్టికల్ బోర్డు తలుపు అక్కడే విరుగుతుంది. ఇంకొకటి, తలుపు కాస్త వాలితే బందు పాడైందని అనుకోకండి. బందు చేతి మీదున్న స్క్రూలు తిప్పితే చాలాసార్లు సర్దుకుంటుంది. మా తలుపుల్లో రెండింటికి ఆయన చేసింది అంతే, వాటికి డబ్బులు కూడా తీసుకోలేదు.

మూడు తలుపులు అయ్యాయి. మిగతా ఆరింటికీ ఆదివారం వస్తానన్నారు. అప్పటిదాకా పై అరల్లో సామానంతా దించి డైనింగ్ టేబుల్ మీద పెట్టాం, పిల్లల్ని ఆ గోడ దగ్గరికి వెళ్లనివ్వడం లేదు.