పాత పెయింటింగ్‌లు బాగుచేసే ల్యాబ్‌లో కెమికల్ ఎక్స్‌పోజర్ కొలిచే సర్వీసు: మా అనుభవం

పెయింటింగ్‌లు, పాత చెక్క బొమ్మలు బాగుచేసే మా ల్యాబ్‌కి ఈమధ్య ఒక ఇండస్ట్రియల్ హైజీన్ సంస్థని (పనిచేసే చోట గాలిలో ఏ కెమికల్ ఎంత ఉందో కొలిచేవాళ్ళు) పిలిపించాం. మంచీ చెడూ రెండూ రాస్తున్నాను కాబట్టి పేరు చెప్పను. సాయంత్రానికి తల బరువెక్కితే రాత్రి నిద్ర చాల్లేదేమో అని సరిపెట్టుకునే జూనియర్లు ప్రతి ల్యాబ్‌లోనూ ఉంటారు, ముఖ్యంగా వాళ్ళ కోసం ఇది.

కొలతలు తీయడంలో వీళ్ళకి వంక పెట్టలేం. వచ్చినావిడ గది మధ్యలో ఓ మిషన్ పెట్టేసి పక్కకి తప్పుకోలేదు. ఒక్కొక్కరి నడుముకి చిన్న పంపు తగిలించి, ఆవిరిని పీల్చి పట్టుకునే బొగ్గు నింపిన ట్యూబుని కాలర్‌కి, ముక్కుకి జానెడు దూరంలో క్లిప్ చేసింది. వార్నిష్ తీసేటప్పుడు మనం కాన్వాస్ మీదికి వంగిపోయి ఉంటాం, దూది పుల్ల నుంచి లేచే ఆవిరి నేరుగా మొహానికే కొడుతుంది, కాబట్టి గది గాలి కొలిచి బాగుంది అంటే ఏం లాభం?

చేత్తో పట్టుకునే పీఐడీ మీటర్ కూడా తెచ్చింది, అందులోని యూవీ దీపం శక్తికి (దాన్ని ఈవీల్లో చెబుతారు) లొంగే ఆవిర్లని అది అక్కడికక్కడే చూపిస్తుంది. అసిటోన్ సీసా మూత తీయగానే అంకెలు ఎగిరాయి. పాత పెయింటు పొరలు ఒలిచే డైక్లోరోమీథేన్ జెల్ దగ్గర పెడితే మాత్రం కదలిక లేదు. "ఇది చూసి సేఫ్ అనుకోకండి, ఇందులో ఉన్న 10.6 ఈవీ దీపానికి ఆ ఆవిరి దొరకదండీ" అని తనే చెప్పి దానికి విడిగా ట్యూబు పెట్టింది. ఆ నిజాయితీ నాకు బాగా నచ్చింది. డైక్లోరోమీథేన్ ఒంట్లోకి వెళ్ళాక కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. అమెరికాలో పనివాళ్ళ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓఎస్‌హెచ్‌ఏ పెట్టిన పరిమితి ఎనిమిది గంటల సగటుకి 25 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో 25 పాళ్ళు), మన ముక్కుకి వాసన తెలిసేది చాలాసార్లు అది దాటిన తర్వాతే.

చిన్న ట్యూబుతో పొగ వదిలి గాలి ఎటు పోతోందో చూసే పరీక్ష అయితే అందరం చుట్టూ చేరి చూశాం. బల్ల అంచున ఎగ్జాస్ట్ ట్రంక్ (ఆవిరిని బయటికి లాగే, వంచగలిగే గొట్టం) ఫుల్ స్పీడులో లాగుతోంది, అయినా స్వాబ్ (దూది పుల్ల) దగ్గర వదిలిన పొగ అటు పోకుండా నా కళ్ళజోడు మీదుగా పైకి పోయింది. ట్రంక్ మూతి ఎంత వెడల్పో అంత దూరం జరిగితే చాలు, లాగే గాలి వేగం దాదాపు పదో వంతుకి పడిపోతుందట. ఇప్పుడు ట్రంక్‌ని స్వాబ్ పక్కకే లాక్కుని కూర్చుంటున్నాం.

ఇక రిపోర్టు. ఇక్కడే నాకు కోపం వచ్చింది. మొదట పంపిందాంట్లో అన్నీ ఎనిమిది గంటల సగటులే. పొద్దున్నంతా మైక్రోస్కోప్ ముందు కూర్చుని, మధ్యాహ్నం ఓ ఇరవై నిమిషాలు జెల్ తుడిచే మనిషికి ఆ సగటు ఏం చెబుతుంది? అడిగాకే మళ్ళీ వచ్చి 15 నిమిషాల శాంపిళ్ళు తీశారు. టోలుయీన్ అనే సాల్వెంట్‌కి ఓఎస్‌హెచ్‌ఏ వాళ్ళ పాత 200 పీపీఎం పట్టుకుని పచ్చ టిక్కు కొట్టారు, ఈ రంగంలోని నిపుణుల సంఘం ఏసీజీఐహెచ్ సూచించేది 20. పైగా టోలుయీన్ వేరు, దానితోపాటు వాడే జైలీన్ వేరు అన్నట్టు విడివిడిగా చూశారు. రెండూ నరాల మీదే పనిచేస్తాయి కాబట్టి ఒక్కోదాని కొలతని దాని పరిమితితో భాగించి కూడాలి, మొత్తం 1 దాటితే పరిమితి దాటినట్టే. ఇవన్నీ పట్టుబట్టి మళ్ళీ రాయించాం, విసుక్కోకుండా రాసిచ్చారు, అది మాత్రం ఒప్పుకోవాలి.

చర్మం సంగతి ఒక్క లైనులో తేల్చేశారు: "గ్లవ్స్ ధరించవలెను". ఏ గ్లవ్స్? మనం రోజూ వేసుకునే సన్న నైట్రైల్ గ్లవ్స్‌ని అసిటోన్, డైక్లోరోమీథేన్ నిమిషాల్లో దాటేస్తాయి. డీఎంఎఫ్ (డైమిథైల్‌ఫార్మమైడ్) అనే సాల్వెంట్ అయితే చర్మంలోంచే లోపలికి పోయి లివర్‌ని దెబ్బతీస్తుంది. అసిటోన్‌కి, డీఎంఎఫ్‌కి బ్యుటైల్ రబ్బరు గ్లవ్స్, డైక్లోరోమీథేన్‌కి పొరలు పొరలుగా ప్లాస్టిక్ అతికించిన లామినేట్ గ్లవ్స్ అని మేమే వెతుక్కున్నాం.

దుమ్ము అసలు చూడనేలేదు. సీసం ఉన్న తెల్ల రంగు, ఆర్సెనిక్ ఉన్న ఎమరాల్డ్ గ్రీన్, పాదరసం ఉన్న వెర్మిలియన్ రాలిపోయే బల్లల మీద, కీబోర్డుల మీద, టీ కప్పు పెట్టుకునే చోట తుడిచి శాంపిల్ తీయకపోతే ఆర్ట్ ల్యాబ్‌కి వచ్చి ఏం చూసినట్టు? ఫ్యాక్టరీలకి వాడే చెక్‌లిస్టే మాకూ తెచ్చారని అప్పుడే తెలిసిపోయింది.

నా లెక్కలో 5కి 3. మీరు పిలిపిస్తే మాత్రం ఏయే సాల్వెంట్ ఏ పనికి ఎంతసేపు వాడతారో ముందే రాసి పంపండి, మామూలు రోజు కాకుండా వార్నిష్ తీసే రోజే రమ్మనండి. వచ్చే విడతకి మేమూ వాళ్ళనే పిలుస్తున్నాం, బల్లల మీద దుమ్ము శాంపిళ్ళు, 15 నిమిషాల కొలతలు ఉంటాయని ఆర్డరులోనే రాయించుకుని.