పళ్లు కొరికేవాళ్లకు నైట్ గార్డ్: వాడి చూశాక

నిద్రలో పళ్లు పటపటా కొరుకుతున్నానని మా ఆవిడ చెబుతూనే ఉంది. మా అమ్మయితే నులిపురుగుల మందు వేసుకోమంది. పొద్దున్నే దవడ పట్టేసి కణతలు లాగుతుంటే డెంటిస్ట్ దగ్గరికి వెళ్లాను. పై పళ్లకు అచ్చు తీసి, రాత్రిళ్లు పళ్లకు తొడుక్కునే గట్టి యాక్రిలిక్ (ప్లాస్టిక్) గార్డ్ చేయించి ఇచ్చారు.

మెడికల్ షాపులో దొరికే, వేడినీళ్లలో ముంచి కొరికి సరిచేసుకునే మెత్తటి రకం కూడా వాడాను. నోట్లో ఉంటే నమలాలనిపించేది, త్వరగా చిల్లు పడింది. ఇది మాత్రం కదలకుండా కూర్చుంటుంది. మొదట్లో ఉమ్మి బాగా ఊరుతుంది, అంతే. ఇది అలవాటును మాన్పదు, పళ్లు అరగకుండా కాపాడుతుంది. టెన్షన్, సాయంత్రం కాఫీ తగ్గించుకోవడం మన చేతిలోనే ఉంది. ఖరీదెక్కువే, అయినా తప్పక చేయించుకోమంటాను. చల్లటి నీళ్లతోనే కడగండి, వేడికి వంకరపోతుంది.