చిన్న అల్మరాలో కొండపల్లా, ఏటికొప్పాకా?

మా హాల్లో టీవీ పక్కన జానెడు గూడు ఒకటి ఖాళీగా ఉండేది. ముందు కొండపల్లి ఎడ్లబండి పెట్టాను. తెల్ల పొణికి కర్ర కదా, దూదిలా తేలిక, చూడటానికి ఊరంతా అందులోనే ఉన్నట్టుంటుంది, కానీ విడివిడిగా చెక్కి చింతగింజల పిండితో అతికించిన ముక్కలు కాబట్టి దుమ్ము దులిపేటప్పుడు ఒకటే టెన్షన్. ఎద్దు కొమ్ము ఒకటి ఇప్పటికే పోయింది!

ఏటికొప్పాక బొమ్మలకు ఆ గొడవ లేదు. అంకుడు కర్రను లేత్ మీద తిప్పి, సహజ రంగులు కలిపిన లక్క పట్టిస్తారు, అందుకే నున్నగా గుండ్రంగా ఉంటాయి, పొడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు. పిల్లలున్న ఇంట్లో, చేతికందే ఎత్తులో ఇవే పెట్టండి. కొండపల్లి బొమ్మ పై అరకి, అదీ ఒక్కటే. నాలుగు కుక్కితే సంతే.