పసిపిల్లల డేకేర్: రెండేళ్ళు ఫీజు కట్టిన తరువాత నా అభిప్రాయం

బోస్టన్‌కు పడమట, భారతీయ కుటుంబాలు ఎక్కువగా ఉండే ఒక శివారు పట్టణంలోని డేకేర్ కేంద్రానికి మా పాపను రెండేళ్ళకు పైగా పంపుతున్నాము. సందర్శక వీసా మీద వచ్చిన మా అమ్మ గుంటూరు తిరిగి వెళ్ళాక, పాపకు ఏడో నెలలో చేర్చాము. అప్పుడు నెలకు 2,700 డాలర్ల చొప్పున ఏడాదికి 32,400 డాలర్లు కట్టవలసి వచ్చింది. ఇదే రాష్ట్రంలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హర్స్ట్ ప్రాంగణంలో స్థానిక విద్యార్థి కట్టేది, వసతి, భోజనం కాకుండా, ఏడాదికి దాదాపు 18 వేల డాలర్లు. ఇది మా ఒక్క ప్రాంతపు సంగతి కాదు. ఎకనామిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 2025లో వేసిన లెక్క ప్రకారం 38 రాష్ట్రాల్లోనూ, రాజధాని వాషింగ్టన్‌లోనూ పసిబిడ్డను చూసుకోవడానికయ్యే ఖర్చు ప్రభుత్వ కళాశాల ట్యూషన్ కంటే ఎక్కువ.

ముందుగా మాకు అందిన సేవ గురించి చెప్పాలి. పసిపిల్లల గది విషయంలో నాకు ఫిర్యాదు లేదు. పాలు ఎన్ని ఔన్సులు తాగింది, ఎంతసేపు నిద్రపోయింది, డైపర్ ఎప్పుడు మార్చారు అన్నది ఎప్పటికప్పుడు ఫోన్‌లో కనిపించేది. ఏడాది నిండేవరకు వెల్లకిలానే పడుకోబెట్టేవారు, తొట్టిలో దుప్పటి గాని బొమ్మ గాని ఉండనిచ్చేవారు కాదు. మేము పంపిన పప్పన్నాన్ని ఓపికగా తినిపించేవారు. బోర్లా పడుకుంటే గాని నిద్రపోని పిల్లను ఒళ్ళో వేసుకుని జోకొట్టి, నిద్రపట్టాక వెల్లకిలా పడుకోబెట్టిన టీచర్ ఓర్పుకు నేను ఎప్పటికీ కృతజ్ఞురాలిని.

ధర ఇంతగా ఉండడానికి కారణం ఆ ఓర్పుకు మనుషులు కావలసి రావడమే. పదిహేను నెలల లోపు పిల్లలు ఏడుగురు ఉంటే ఇద్దరు పెద్దలు గదిలో ఉండి తీరాలని, ఆ గదిలో ఏడుగురికి మించి పిల్లలు ఉండకూడదని మసాచుసెట్స్ నిబంధన. కేంద్రం రోజుకు పది గంటలు తెరచి ఉంటుంది కనుక ఆ ఒక్క గదికే కనీసం ముగ్గురు ఉద్యోగులు కావాలి. ఏడుగురి ఫీజులూ కలిపితే ఏడాదికి 2,26,800 డాలర్లు. అందులోంచే జీతాలు, అద్దె, బీమా, వంటగది, కార్యాలయం అన్నీ గడవాలి. కళాశాలలో ఒక ఆచార్యుడు రెండు వందల మందికి ఒకేసారి పాఠం చెప్పవచ్చు, కాని ఒక మనిషి ఒకేసారి నలుగురు పసివాళ్ళను ఎత్తుకోలేదు. అందుకే ఈ నిబంధనను సడలించి ఫీజు తగ్గించాలనే వాదనను నేను సమర్థించలేను.

నన్ను నిజంగా బాధించేది వేరే సంగతి. కళాశాల ఫీజుకు కూడబెట్టడానికి తల్లిదండ్రులకు పద్దెనిమిదేళ్ళ వ్యవధి ఉంటుంది. చదువు కోసం పన్ను రాయితీతో కూడబెట్టే 529 పొదుపు ఖాతా, సమాఖ్య ప్రభుత్వ రుణాలు, తక్కువ ఆదాయం ఉన్నవారికి తిరిగి కట్టనక్కరలేకుండా ఇచ్చే పెల్ గ్రాంటు, ఉపకార వేతనాలు ఉంటాయి. పసిబిడ్డ ఫీజు మాత్రం ఉద్యోగ జీవితపు తొలి ఏళ్ళలో, చదువుల అప్పులు ఇంకా తీరకముందే, నెల నెలా చేతి నుంచి కట్టాలి. మధ్యతరగతికి దొరికే ప్రధానమైన ఊరట, సంరక్షణ ఖర్చు కోసం జీతంలో కొంత పన్ను పడకుండా పక్కన పెట్టుకునే డిపెండెంట్ కేర్ ఖాతా. దాని ఏడాది పరిమితి, 2021 ఒక్క ఏడాది మినహా, 1986 నుంచి 2025 వరకు 5,000 డాలర్ల దగ్గరే ఉండిపోయి, 2026లో 7,500కు పెరిగింది. పాత పరిమితి కింద మాకు మిగిలిన పన్ను ఒక నెల ఫీజుకైనా చాలలేదు. 1971లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఆమోదించిన దేశవ్యాప్త శిశు సంరక్షణ బిల్లును అధ్యక్షుడు నిక్సన్ వీటో చేశారు. ఆ తరువాత కూడా అటువంటిది చట్టం కాలేదు. న్యూ మెక్సికో రాష్ట్రం 2025 నవంబరు నుంచి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సంరక్షణ ఇవ్వడం చూస్తే ఇది అసాధ్యమేమీ కాదని తెలుస్తోంది.

లోపాలూ ఉన్నాయి. పాపకు జ్వరం వచ్చి, అది పూర్తిగా తగ్గాక మరో ఇరవై నాలుగు గంటలు ఇంట్లోనే ఉంచవలసి వచ్చినప్పుడు కూడా ఫీజు తగ్గదు. మంచు కురిసి మూసినా అంతే. మొదటి చలికాలమంతా ఇలాగే గడిచింది, మా ఇద్దరి సెలవులూ దానికే ఖర్చయ్యాయి. అన్నిటికంటే నొప్పి కలిగించింది టీచర్లు మారిపోవడం. పాపకు బాగా మాలిమి అయిన టీచర్ ఎక్కువ జీతమిస్తారని ఒక గిడ్డంగిలో ఉద్యోగానికి వెళ్ళిపోయారు. దేశంలో శిశు సంరక్షణ ఉద్యోగుల మధ్యస్థ వేతనం 2024లో గంటకు 15.41 డాలర్లు మాత్రమే కనుక ఆమెను తప్పుపట్టలేను. మేము మోయలేనంత కడుతున్నా, పిల్లను మోసేవారికి బతకడానికి చాలినంత అందడం లేదు.

పదిహేను నెలలు దాటాక పాప మారిన తరువాతి గదిలో తొమ్మిది మందికి ఇద్దరు పెద్దలు సరిపోతారు కనుక ఫీజు 2,450కి తగ్గింది. ఇంట్లోనే నడిపే లైసెన్సు ఉన్న డేకేర్లు ఇంతకంటే చౌక. మన తెలుగువాళ్ళు నడిపేవీ దొరుకుతాయి, అక్కడ పిల్లకు అమ్మభాష వినబడుతుంది. కాని నడిపే ఆమెకు జ్వరం వస్తే ఆ రోజు ప్రత్యామ్నాయం ఉండదని గమనించాలి. కేంద్రాన్నే ఎంచుకునేవారు కడుపుతో ఉన్నప్పుడే వెయిట్‌లిస్టులో పేరు రాయించుకోండి. చూడడానికి వెళ్ళినప్పుడు బొమ్మలూ గోడల రంగులూ కాక, పసిపిల్లల గదిలోని టీచర్లు ఎన్నేళ్ళుగా అక్కడ పనిచేస్తున్నారో, ఫీజు పెంచిన ఏడాది వారి జీతం కూడా పెరిగిందో లేదో తప్పక అడగండి.